పొర యని ఊరకుండరాదు

మన ప్రాంతపు ఊళ్ళలో ఉచిత నేత్రవైద్య శిబిరములు జరుగుట నేడు పరిపాటియైనది. నెమిలిలోను, గుడియాత్తములోను, రాయవేలూరి పేటలలోను పాఠశాల ఆవరణమునందో, కల్యాణమండపమునందో బల్లలు వేసి, గోడకు అక్షరముల పటము తగిలించి, వృద్ధులను వరుసగా కూర్చుండబెట్టి పరీక్షించుచున్నారు. శుక్లము ముదిరినవారిని ఆసుపత్రికి గొనిపోయి, శస్త్రచికిత్స చేయించి, నల్లకళ్ళద్దములతో ఇంటికి చేర్చుచున్నారు. ఈ సేవవలన చూపు తిరిగివచ్చిన వారు మన సభ్యుల కుటుంబములలోనే పెక్కుమంది కలరు. దానిని నడుపు పెద్దలకు మేము కృతజ్ఞులము. అయినను, ఆ శిబిరములలో సామాన్యముగా జరుగక మిగిలిపోవుచున్న ఒక పనిని గూర్చి ఈ వారము పాఠకులకు మనవి చేయదలచితిమి.

మన తెలుగులో కంటి జబ్బులకు పేర్లు కొఱత లేదు. నలుబది యేండ్లు దాటగానే దగ్గరి చూపు మందగించుటను చత్వారము అందుము. కంటిలోని మణి మసకబారుటను శుక్లమనియు, పొర యనియు పిలుతుము. కంటిలో ఒత్తిడి హెచ్చుటకు నీటికాసులు అని పేరు. చీకటిపడగానే కనబడకపోవుట రేచీకటి. ఈ మాటలు పలుకనేర్చిన అవ్వ తన బాధను వైద్యునితో చెప్పుకొనగలదు. కాని వార్ధక్యమున చూపు నడిమి భాగమును మాత్రమే తినివేయు వేఱొక జబ్బు కలదు. దానికి మన ఇండ్లలో పేరు లేదు. పేరు లేని జబ్బును ఎవరును చెప్పుకొనలేరు. అందఱును దానిని పొర యనియే తలంతురు. పొర యనియే ఊరకుందురు. ఆంగ్లవైద్యమున దీనిని ఏజ్ రిలేటెడ్ మాక్యులర్ డీజనరేషన్ అందురు. వయస్సుతో వచ్చు పచ్చచుక్క క్షీణత యని మనము చెప్పుకొనవచ్చును.

ఈ వ్రాతకు మమ్ము పురికొల్పిన సంగతి ఇది. గుడియాత్తమున మగ్గము మీదనే జీవితము గడపిన ఒక పెద్దాయన మన సంఘమునకు చిరకాలపు చందాదారు. డెబ్బది యేండ్లు దాటినవాడు. కొన్నియేండ్ల క్రిందట ఆయన ఎడమకంట నడుమ మసక కమ్మినది. ఇంటివారును, ఇరుగుపొరుగువారును పొర యనిరి. ఒక ఆసుపత్రిలో శుక్లమునకు శస్త్రచికిత్స జరిగినది. వెలుతురు హెచ్చినది గాని నడిమి మచ్చ పోలేదు. ఎదుటి మనిషి చెవులు కనబడును, ముఖము కనబడదు. అడుగగా, “వయస్సు వచ్చినది గదా, ఇంతే” అని సమాధానము వచ్చినది. కంటి లోపలి చిత్రమును ఎవరును తీయలేదు. ఆయనయు మఱల అడుగలేదు.

ఒక యేడాది గడచినది. ఒకనాడు మగ్గముమీద కూర్చుండి మనుమనిని కేకవేసి, “పడుగు వంకర పోతా ఉందిరా అబ్బయ్యా, మగ్గం సరిచూడు” అన్నాడట. మనుమడు చూచెను. పడుగు తీగవలె నిటారుగా నున్నది. గళ్ళు సరిగానే పడుచున్నవి. “మగ్గం బాగానే ఉండాది తాతా” అని ఎంత చెప్పినను పెద్దాయన ఒప్పుకొనలేదు. అంతట ఆ కుఱ్ఱవాడు ఎడమకన్ను మూయించి, కుడికంటితో గళ్ళలుంగీని చూడుమనెను. నడిమి గళ్ళు నలిగినట్లు, వంగినట్లు కనబడుచున్నవని తాత చెప్పెను. లోపము మగ్గమున లేదు, కంట నున్నది. ఆ వారములోనే ఆయనను వేఱొక ఆసుపత్రికి గొనిపోయిరి. అక్కడ రెండు కండ్లకును చిత్రములు తీసిరి. ఎడమకంట పచ్చచుక్కయందు ఎన్నడో గట్టిపడిన మచ్చ యున్నది. దానికిక చేయదగినది లేదు. కుడికంట నేత్రపటలము క్రింద అప్పుడప్పుడే నీరు చేరుచున్నది. వెంటనే సూదిమందు మొదలుపెట్టిరి. నేడు పెద్దాయన సన్ననూలు నేయలేకున్నను, కండెలు చుట్టుచు, మనుమల ముఖములను గుర్తుపట్టుచు, మా పత్రిక శీర్షికలను చదువుకొనుచున్నాడు. ఎడమకంటికిని ఆదిలోనే చిత్రము తీసియున్నచో ఏమి జరిగియుండెడిదో చెప్పుట కష్టము. కాని అడిగి తెలిసికొను అవకాశమైనను ఆయనకు దక్కియుండెడిది.

ఈ జబ్బు ఎట్టిదో కొంత వివరింతుము. కంటి వెనుకగోడకు లోపల అంటియున్న పలుచని పొర నేత్రపటలము. దాని నడుమ సుమారు ఐదున్నర మిల్లీమీటర్ల వెడల్పుగల చోటే పచ్చచుక్క, అనగా మాక్యులా. నెమలి పింఛమున ఈకలన్నియు చుట్టునుండగా నడుమ నీలపుకన్ను మెఱయునట్లు, నేత్రపటలమంతయు వెలుతురును గ్రహించుచున్నను చదువుటకు, సూదిలో దారము ఎక్కించుటకు, ముఖము పోల్చుటకు పనికివచ్చునది ఈ నడిమి చుక్కయే. నెమిలివారికి ఈ పోలిక వేఱుగ చెప్పనక్కఱలేదు. పచ్చచుక్క చెడినను చుట్టుచూపు నిలుచును. కావుననే రోగి ఇంటిలో తడుముకొనక తిరుగును. గోడ తగులక నడచును. కాని నాణెము ఎంతదో చెప్పలేడు. చూచువారు అతనికి చూపున్నదనియే తలంతురు.

ఈ జబ్బు అందఱియందును ఒకే తీరున ఉండదు. అసలు సంగతి ఇక్కడనే యున్నది. మొదట నేత్రపటలము క్రింద పసుపుపచ్చని చిన్న నిక్షేపములు చేరును. వీనిని డ్రూసెన్ అందురు. ఇవి మధ్యరకపు పరిమాణమున మాత్రమే యున్నచో తొలిదశ. 125 మైక్రాన్లకు, అనగా మిల్లీమీటరులో ఎనిమిదవవంతునకు మించిన పెద్దవి యున్నను, రంగుకణముల పొరలో మార్పులు వచ్చినను మధ్యమదశ. పిమ్మట జబ్బు రెండు దారులలో ఒకదానిని పట్టవచ్చును. కొందఱియందు ఆ కణములు మెల్లమెల్లగా ఎండి రాలిపోయి, పటములోని దీవులవలె ఖాళీచోట్లు ఏర్పడును. ఇది పొడిరకము యొక్క కడపటి దశ. మఱికొందఱియందు వెనుకనున్న రక్తపటలమునుండి క్రొత్త రక్తనాళములు పుట్టి, నీరును నెత్తురును కార్చును. ఇది తడిరకము. పొడిరకము చూపును తినివేయుటకు ఏండ్లు పట్టును. తడిరకమునకు వారములు చాలును.

తడిరకమునందును భేదములు కలవు. క్రొత్త నాళములు రంగుకణముల పొరకు అడుగున నిలిచిపోవుట ఒకటి, దానిని దాటి నేత్రపటలము క్రిందికి వచ్చుట రెండవది, నేత్రపటలము లోపలనే పుట్టుట మూడవది. ఇవిగాక, నాళముల చివర ద్రాక్షగుత్తులవలె బుడిపెలు కట్టునది పాలిపాయిడల్ రకము. దీనిని అమెరికాలో యనూజ్జి యను వైద్యుడు 1982లో మొదట గుర్తించెను. తడిరకము కలవారిలో ఈ బుడిపెల రకము పాలు పాశ్చాత్యులలోకంటె ఆసియా ప్రజలలో ఎంతో హెచ్చని తరువాతి పరిశోధనలు తేల్చినవి. కావున పాశ్చాత్య గ్రంథములలోని లెక్కనే మనవారికి అప్పగించి ఊరకుండుట చాలదు.

ఇన్ని రకములను పైనుండి చూచి చెప్పుట ఎంత నేర్పరికైనను కష్టము. అందుచే చిత్రములు కావలసివచ్చినవి. కంటిలోపలికి తొంగిచూచు సాధనమును జర్మనీ దేశపు హెల్మ్‌హోల్ట్స్ 1851లో లోకమునకు చూపెను. అంతకుముందు బ్రతికియున్న మనిషి నేత్రపటలము వైద్యునికి కనబడెడిది కాదు. 1920వ దశకమున జైస్ కంపెనీవారు కంటి లోపలి భాగమును ఛాయాచిత్రము తీయు కెమెరాను తయారుచేసిరి. 1961లో నొవొట్నీ, ఆల్విస్ అను ఇద్దఱు అమెరికా వైద్యవిద్యార్థులు చేతినరములో ఫ్లోరసీన్ అను రంగుమందు ఎక్కించి, అది కంటి నాళములలో ప్రవహించుటను వరుసగా చిత్రించు పద్ధతిని ప్రకటించిరి. నాళము ఎక్కడ కారుచున్నదో అక్కడ రంగు వెలుగును. బుడిపెల రకమును పట్టుటకు ఇండోసయనిన్ గ్రీన్ అను మఱొక రంగుమందు వాడుకలోనికి వచ్చినది. అది రంగుకణముల పొర వెనుకనున్న రక్తపటలమును చక్కగా చూపును.

1991లో మసాచుసెట్స్ విద్యాలయపు ఫుజిమోటో, హువాంగ్ మొదలగువారు ప్రకటించిన ఓసీటీ అను సాధనము ఈ విద్యనే మార్చివేసినది. గర్భిణులకు ధ్వనితరంగములతో స్కాను చేయుట మన స్త్రీలు ఎఱిగినదే. ఓసీటీయందు ధ్వనికి మారుగా కాంతిని వాడుదురు. నేత్రపటలపు ఒక్కొక్క పొరనుండి తిరిగివచ్చు కాంతి ఎంత ఆలస్యముగా వచ్చినదో కొలిచి, యంత్రము ఆ పటలమును నిలువుగా కోసి చూపినట్లు చిత్రము గీయును. పావు మిల్లీమీటరు మందముగల పటలములో కొన్ని మైక్రాన్ల భేదమును సైతము అది చూపగలదు. రోగి గడ్డమును ఆనించి, ఒక గుర్తును చూచుచు కొద్ది క్షణములు కదలక కూర్చుండిన చాలును. సూది లేదు, నొప్పి లేదు, కంటికి ఏదియు తాకదు. పటలము క్రింద నీరున్నచో నల్లని ఖాళీగా స్పష్టముగా కనబడును. రంగుమందు లేకయే రక్తప్రవాహమును చూపు ఓసీటీ యాంజియోగ్రఫీ సుమారు పదేండ్లుగా వాడుకలోనున్నది. పొడిరకమున కణములు చచ్చిన చోట్లను నల్లగా చూపి, అవి ఏటేట ఎంత విస్తరించుచున్నవో కొలుచుటకు ఆటోఫ్లోరసెన్స్ అను మఱొక చిత్రము కలదు.

ఒక్కొక్క చిత్రము ఒక్కొక్క ప్రశ్నకు సమాధానము చెప్పును. డ్రూసెన్ ఎంతటివి యని ఛాయాచిత్రమును, నీరున్నదా యని ఓసీటీని, కారుచున్నదెక్కడ యని ఫ్లోరసీన్‌ను, బుడిపెలున్నవా యని ఇండోసయనిన్‌ను అడుగవలెను. ఒకదానిని జూచి తక్కినవానిని ఊహించుట కొన్ని వేళల తప్పుదారి పట్టించును. నేత్రపటలము క్రింద నీరుచేరు జబ్బులు వేఱును కలవు. వానిని తడిరకమని భ్రమించి సూదిమందు ఇచ్చుట వ్యర్థము.

రకము తెలిసినంత మాత్రమున ఏమి లాభమని అడుగువారు కలరు. వయస్సుతో వచ్చినది వయస్సుతోనే పోవునని నిట్టూర్చువారును కలరు. ముప్పదియేండ్ల క్రిందట ఆ నిట్టూర్పునకు కొంత న్యాయముండెడిది. నేడు లేదు. తడిరకమునకు రానిబిజుమాబ్ అను సూదిమందును 2006లో అమెరికా ప్రభుత్వము ఆమోదించినది. ఆ యేడే ప్రకటింపబడిన మరీనా అను పరీక్షలో, మందు పుచ్చుకొన్నవారిలో నూటికి సుమారు 95 మంది మొదటి సంవత్సరమున చూపును పెద్దగా కోల్పోకుండ నిలుపుకొనిరి. మందు లేనివారిలో నూటికి 62 మందే నిలుపుకొనగలిగిరి. పూర్తి మోతాదు పొందినవారిలో నూటికి సుమారు 34 మందికి పటముమీద పదునైదు అక్షరములు అదనముగా కనబడినవి. మందు లేనివారిలో అట్టివారు నూటికి ఐదుగురు. ధర మాట వచ్చినచో, కేన్సరునకు వాడు బెవసిజుమాబ్ అను చౌక మందు చూపు విషయమున దాదాపు సమానముగా పనిచేయునని 2011లో అమెరికాలోనే తేలినది. 2015లో మన దేశపు కంపెనీయే రానిబిజుమాబ్‌నకు సాటియగు మందును తెచ్చినది.

బుడిపెల రకమునకు సూదిమందుతోపాటు కొందఱికి కాంతిచికిత్స కూడ అవసరమగును. మధ్యమదశలోని పొడిరకమునకు సూది అక్కఱలేదు. అమెరికాలో 2001లో ప్రకటింపబడిన ఏరెడ్స్ అను పరిశోధన ప్రకారము నిర్ణీతమైన విటమినులు, జింకు కలిసిన మాత్రలు జబ్బు ముదురు ప్రమాదమును ఐదేండ్లలో సుమారు నాల్గవవంతు తగ్గించినవి. అయితే ఆ మాత్రల మొదటి కూర్పులోని బీటాకెరోటిన్ పొగత్రాగువారికి హానికరమని తెలియుటచే, దానికి బదులు ల్యూటీన్, జియాజాంథిన్ వేసిన కూర్పును 2013లో సూచించిరి. తొలిదశవారికి ఆ మాత్రలును అక్కఱలేదు. పొడిరకపు కడపటి దశకు 2023లో అమెరికాలో రెండు సూదిమందులు ఆమోదము పొందినవి. అవి క్షీణతను కొంత నెమ్మది చేయునే గాని పోయిన చూపును తీసికొనిరావు. పాఠకులు గమనింతురు గాక: ఒకనికి వారములోగా సూది, ఒకనికి మాత్ర, ఒకనికి కేవలము జాగ్రత్త. అన్నిటికి “వయస్సు వచ్చినది గదా” అను ఒకే సమాధానము చెప్పుట న్యాయమేనా?

ఇది మనవారియందు అరుదైన జబ్బని త్రోసివేయుటకును వీలులేదు. 1996 నుండి 2000 వఱకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు ప్రాంతములలో పదివేలకు పైబడిన జనులను పరీక్షించిరి. నలుబది యేండ్లు దాటినవారిలో నూటికి ఇంచుమించు ఇద్దఱికి ఈ క్షీణత యున్నట్లు ఆ లెక్కలో తేలినది. అఱువది దాటినవారిలో పాలు హెచ్చు. చుట్టలు విరివిగా కాల్చువారియందు హెచ్చుగా నున్నదనియు వారు కనిపెట్టిరి. బీడీలు చుట్టి వేలాది కుటుంబములు బ్రతుకుచున్న వేలూరు, గుడియాత్తము ప్రాంతములవారమైన మనకు ఈ మాట చేదుగానే యుండును. చుట్టువారి కూలిని మేము తక్కువగా చూచుటలేదు. కాని పొగత్రాగుట ఈ జబ్బునకు మానుకొనదగిన కారణములలో మొదటిదని లోకమంతటి వైద్యులును చెప్పుచున్నారు. వయస్సును మనము మానుకొనలేము, పొగను మానుకొనగలము.

మా మాటకు ఎదురుమాటలు కలవని మేమెఱుగుదుము. చూపు మందగించిన ప్రతి వృద్ధునికిని అన్ని చిత్రములును తీయించుమనుట పేదవానిని దోచుటకు దారితీయదా యని ఒక వైద్యమిత్రుడు మమ్ము ప్రశ్నించెను. ఆయన ప్రశ్న సరియైనదే. శుక్లమువలననే చూపు తగ్గినవారే మనలో హెచ్చు. రంగుమందు పరీక్షవలన కొందఱికి వాంతి వచ్చినట్లుండును. చర్మమును మూత్రమును ఒకపూట పచ్చబడును. అరుదుగా తీవ్రమైన ఎలర్జీయు రావచ్చును. దానిని తగిన సన్నాహము గల ఆసుపత్రిలోనే, తప్పనిసరియైనప్పుడే చేయవలెను. మేమడుగునది ఇంతే: కంటిపాపను మందుతో విప్పి లోపల చూచుట, వీలైనచో ఒక ఛాయాచిత్రము తీయుట శిబిరమున జరుగవలెను. గీతలు వంకరగా కనబడువారికిని, నడుమ మచ్చ కనబడువారికిని, శుక్లము తీసిన పిదపయు చూపు రానివారికిని ఓసీటీ తీయవలెను. తక్కిన పరీక్షలు ఆ చిత్రమును జూచిన నిపుణుని నిర్ణయము.

మఱికొందఱు, ఇప్పుడు కంప్యూటరే చిత్రములను చదువుచున్నదిగదా, మనుష్యులతో పనియేమి యందురు. 2018లో లండనునందలి మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి చిత్రములతో శిక్షణ పొందిన కంప్యూటరు, ఏ రోగిని త్వరగా పంపవలెనో నిపుణులతో సమానముగా చెప్పగలిగినదని ప్రకటించిరి. ఇది సంతోషింపదగినదే. నిపుణులు లేని ఊళ్ళకు అది మేలుచేయగలదు. కాని చిత్రము తీయించుకొనుటకు రోగి ముందు ఆ బల్లయొద్దకు రావలెను. వచ్చిన పిదప దానిలోనున్నది అతనికి తెలియవలెను. ఈ రెండును భాషతో ముడిపడిన పనులు.

ఇక్కడ మన సంఘమునకు సంబంధించిన సంగతి వచ్చినది. మన ఇండ్లలోని వృద్ధులు పెక్కుమంది ఇంటిలో తెలుగు మాటలాడుచు, వీథిలో తమిళము మాటలాడుచు, ఈ రెంటిలో ఏదియు ధారాళముగా చదువలేనివారు. వారి చేతికి వచ్చు కంటిరిపోర్టు ఆంగ్లమున నుండును. అందు రంగురంగుల బొమ్మ, క్రింద మూడు పొడి అక్షరములు. మనుమడు చదివినను అర్థము చెప్పలేడు. “ఏమన్నారు?” అని అవ్వ అడిగినచో “బాగానే ఉండాదంట” అని సమాధానము. మరుసటి నెల సూదికి రావలెనని వైద్యుడు చెప్పిన మాట ఆ “బాగానే”లో మునిగిపోవును. తడిరకమునకు ఒక్క సూదితో పని తీరదు. మొదట నెలకొకటి, పిమ్మట చిత్రమును జూచి వ్యవధిని నిర్ణయింతురు. నడుమ మానివేసినచో నీరు మఱల చేరును. నొప్పి లేనందున రోగికి తెలియదు. చిత్రమునకు మాత్రమే తెలియును.

ఈ లోపమునకు తమిళ సోదరులను గాని ఆసుపత్రులను గాని నిందించుట మా ఉద్దేశము కాదు. రాజ్యాంగమున 350వ అధికరణము ప్రభుత్వమునకు పెట్టుకొను విన్నపముల భాషను గూర్చియు, 350-ఎ అధికరణము పిల్లల ప్రాథమిక విద్యా భాషను గూర్చియు చెప్పినవి. వైద్యుని బల్లయొద్ద అవ్వ మాటాడు భాషను గూర్చి అవి చెప్పలేదు. ఆ బాధ్యత మనదే. చిత్తూరు సీమనుండి తెలుగువారు నిత్యము వైద్యమునకు వచ్చు ఊరు రాయవేలూరు. 1902లో ఐడా స్కడ్డర్ అమ్మగారి చొరవతో నలుబది పడకలతో వెలసిన మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి, తరువాతి కాలమున కంటి ఆసుపత్రియై ప్రసిద్ధిచెందినది ఈ ఊరనే. ఇట్టి ఊరికి చెంతనుండి మనవారు పొర యని ఇంట కూర్చుండుట మనకే చిన్నతనము.

కావున మన కార్యవర్గమునకు ఈ క్రింది సూచనలు చేయుచున్నాము. మొదటిది, ఇకమీదట మన సంఘము పాల్గొను ప్రతి నేత్రశిబిరమునందును, పాప విప్పి లోపల చూచు ఏర్పాటు చేయుడని నిర్వాహకులను ముందుగానే కోరవలెను. రెండవది, తెలుగునను తమిళమునను ఒక్క పుటలో ఒక కరపత్రము అచ్చువేయవలెను. ఒకవైపు గళ్ళపటము, ఒకవైపు పెద్ద అక్షరములలో నాలుగు మాటలు చాలును; చదువలేనివారికి చదివి వినిపింపదగినట్లు వ్రాయవలెను. మూడవది, సూదిమందునకు నెలనెల పోవలసిన వృద్ధుల పట్టికను ప్రతి ఊరిలోను ఒక యువకుడు వ్రాసిపెట్టుకొని, బస్సు ఎక్కించి, వైద్యుడు చెప్పినది విని, ఇంటికి వచ్చి చెప్పవలెను. నాల్గవది, తీసిన ప్రతి చిత్రపు నకలును రోగి అడిగి తెచ్చుకొని ఒక సంచిలో దాచుకొనవలెను. మొన్నటి చిత్రము లేనిదే నేటి చిత్రములోని మార్పు తెలియదు. ఈ నాలుగింటికిని పెద్ద ధనము అక్కఱలేదు.

వైద్యులకు ఒక్క మనవి. రిపోర్టు క్రింద ఎన్ని ఆంగ్లపదములైన వ్రాయుడు. దానితోపాటు రోగి ముఖము చూచి, పొడిరకమా, తడిరకమా, మరల ఎప్పుడు రావలెను అను మూడు మాటలు చెప్పుడు. అవి తెలుగున చెప్పినను తమిళమున చెప్పినను మనవారికి అర్థమగును. చెప్పకుండుటయే అర్థము కాదు.

ఇక పాఠకులకు. స్విట్జర్లాండు వైద్యుడు ఆమ్స్లర్ గత శతాబ్దపు నడుమ ఒక గళ్ళపటమును వాడుకలోనికి తెచ్చెను. దానిని చదువుకళ్ళద్దము పెట్టుకొని, ఒక్కొక్క కంటితో వేఱువేఱుగ, నడిమి చుక్కను చూచుచు పరీక్షించుకొందురు. గీతలు వంగినను, గళ్ళు చెదరినను, నడుమ మచ్చ కనబడినను వెంటనే వైద్యుని చూడవలెను. గుడియాత్తపు గళ్ళలుంగీ మన ప్రతి ఇంట ఉన్నది. అచ్చుపటము చేతికి వచ్చువఱకు దండెముమీద బిగువుగా ఆరవేసిన ఆ లుంగీనే చూపుడు. గళ్ళు సరిగా కనబడినంత మాత్రమున జబ్బు లేదని అర్థము కాదు. వంకరగా కనబడినచో మాత్రము ఆలసింపరాదు. రెండు కండ్లతో చూచినచో మంచికన్ను చెడుకంటి లోపమును కప్పివేయును. ఒకటి మూసియే చూడవలెను.

ఈ ఆదివారము మీ ఇంటి పెద్దలను వెలుతురున కూర్చుండబెట్టి, ముందు ఒక కన్ను, తరువాత ఒక కన్ను మూయించి, గళ్ళు ఎట్లున్నవో అడుగుడు. వంకరగా నున్నవని ఎవరైన చెప్పినచో సోమవారమే బయలుదేరుడు. తోడు కావలసినవారు సంఘమునకు కబురుపెట్టుడు. మగ్గమును సరిచూచుట ఆ తరువాత చేయవచ్చును.